బర్ట్‌విసిల్ అనే ఇంగ్లిష్ ఇంటిపేరు ఎలా వచ్చింది? పిట్ట ఈలతో దానికి సంబంధం ఉందా?

రాతిగోడల ఇల్లు:

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతంలోని అక్రింగ్టన్‌లో ఈమధ్యే ఒక పాత ఇల్లు కొన్నాం. వీధి పొడవునా గోడకు గోడ ఆనుకుని ఉండే రాతి ఇళ్లలో ఒకటి. ఒకప్పుడు పత్తి మిల్లుల్లో పనిచేసేవారి కోసం కట్టిన ఇళ్లట. రిజిస్ట్రేషన్ అయిపోయాక లాయరు గారు తాడుతో కట్టిన పాత దస్తావేజుల కట్టను మా చేతిలో పెట్టారు. యాజమాన్యం వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి ఈ కాగితాలతో పెద్దగా అవసరం పడదనీ, ఇష్టమైతే దాచుకోమనీ చెప్పారు. ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద పరిచి, మా అబ్బాయీ నేనూ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చున్నాం.

అందులో 1890ల నాటి లీజు పత్రం ఒకటి ఉంది. గడువు 999 సంవత్సరాలు! లీజుకు తీసుకున్న మనిషి వృత్తి నేతపని. ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి మావాడు ఆగిపోయాడు. అక్షరాలు కూడబలుక్కుని ‘బర్ట్‌విసిల్’ అని చదివాడు. అదే కుటుంబానికి చెందిన మరో కాగితంలో ‘టి’ ఉండాల్సిన చోట ‘డి’ ఉంది, మధ్యలో ఒక ‘హెచ్’ కూడా చేరింది. అలా చదివితే అది అచ్చంగా ‘బర్డ్’, ‘విజిల్’ కలిసిన మాట. పిట్ట ఈల అన్నమాట. మావాడి ఆనందానికి అంతు లేదు.

పక్కింటి పెద్దాయనను అడిగితే, ఆ ఇంటిపేరువాళ్లు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారనీ, వాళ్ల పూర్వీకుడెవరో ఈలతో పిట్టలను పిలిచి పట్టేవాడని తన చిన్నప్పుడు విన్నాననీ చెప్పారు. ఇంటిపేర్ల పటాలు అమ్మే దుకాణం ఒకటి ఇంటర్నెట్‌లో కనబడింది. వాళ్లు డాలు మీద పిట్ట బొమ్మ వేసి, అదే ఈ ఇంటిపేరుకు చెందిన వంశచిహ్నం అంటున్నారు. అబ్బాయికి బడిలో తాము ఉండే వీధి చరిత్ర రాసుకురమ్మన్నారు. ఈ కథ రాసి, ఆ పటం కొని ముందు గదిలో పెట్టుకుందామని వాడి కోరిక.

రాసేముందు తెలిసినవాళ్లను అడగడం మంచిదనిపించింది. పిట్టలు పట్టేవాడి కథ నమ్మదగినదేనా? రెండు రకాల స్పెల్లింగు ఉంటే అది ఒకే ఇంటిపేరు అనుకోవచ్చా? ఇంగ్లండ్‌లో ఇలాంటి విషయాలు తవ్వి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గౌతమి గట్టు:

నాకైతే ఆ కథ సబబుగానే ఉంది. మన దగ్గర కరణం, కమ్మరి, దాసరి లాంటి ఇంటిపేర్లు చేసే పనినిబట్టి వచ్చినవే కదా. ఇంగ్లిష్‌వాళ్లలో స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. పిట్టలు పట్టేవాడికి పిట్ట ఈల అని పేరు రావడంలో ఆశ్చర్యం ఏముంది? పైగా పక్కింటి పెద్దాయన అక్కడే పుట్టి పెరిగినవాడు. తరతరాలుగా విన్న మాటను తీసిపారేయలేం. తెలిసినవాళ్లు ఇంకేమైనా చెబితే వినాలని నాకూ ఉంది.

హాప్టన్ దారి:

రాతిగోడల ఇల్లు గారూ, ఆ కట్టను పారేయకుండా దాచుకున్నందుకు ముందుగా మీకు నమస్కారం. చాలామంది ఇల్లు మారే హడావిడిలో చెత్తబుట్టలో వేసేస్తారు.

నేను చాలాకాలంగా బర్న్‌లీలో ఉంటున్నాను. ఇక్కడి లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగంలో పనిచేసి విరమించాను. ఇంటిపేర్ల గురించి అడగడానికి వచ్చేవాళ్లతోనే నా ఉద్యోగంలో సగం గడిచింది. అందుకే అడుగుతున్నాను, పిట్టలు పట్టేవాడి కథను అబ్బాయి చేత రాయించకండి. అసలు సంగతి దానికన్నా ఎంతో బాగుంటుంది. పైగా అది మీ ఊరి పక్కనే జరిగింది.

బర్ట్‌విసిల్ ఒక ఊరు. ఇప్పుడు లేదు. మీరు అక్రింగ్టన్‌లో బర్న్‌లీ వైపు వెళ్లే రైలు ఎక్కితే మొదట హన్‌కోట్ వస్తుంది, తర్వాత హాప్టన్. ఆ హాప్టన్ పొలిమేరలోనే, పాడియం పట్నానికి దగ్గరగా, మధ్యయుగాల్లో బర్ట్‌విసిల్ అనే చిన్న పల్లె ఉండేది. ఇప్పుడు మ్యాపులో ఆ పేరుతో ఊరు కనబడదు. ఊరు పోయింది, దాని పేరును ఇంటిపేరుగా మోస్తున్న మనుషులు మిగిలారు. కథంతా ఇంతే. కానీ ఇందులో ఒక్కొక్క అక్షరం వెనక ఏముందో చెప్పకుండా ఉండలేను.

‘విసిల్’ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అందరినీ దారి తప్పించేది అదే. ఈలకూ దానికీ చుట్టరికం లేదు. పాత ఇంగ్లిష్‌లో, అంటే సుమారు 1100కు ముందు ఇక్కడివాళ్లు మాట్లాడిన భాషలో, ‘ట్విస్లా’ అనే మాట ఉండేది. రెండు వాగులు కలిసే చోటు, లేదా ఆ రెండింటి నడుమ ముందుకు చొచ్చుకొచ్చిన నేల అని అర్థం. రెండు అనే అర్థమున్న ‘ట్వి’ అందులో ఉంది. కవలలను చెప్పే ‘ట్విన్’, మెలి అనే అర్థమున్న ‘ట్విస్ట్’ కూడా ఆ మూలం నుంచే వచ్చాయి. మనవాళ్లు సంగమం అనో కూడలి అనో పేరు పెట్టే చోటికి ఇక్కడి రైతులు ట్విస్లా అన్నారు.

ఈ ప్రాంతపు నేల చూస్తే ఆ మాట ఎందుకంత అవసరమైందో తెలుస్తుంది. హామెల్డన్ కొండ మీద కురిసిన వానంతా సన్నసన్నని వాగులై, లోతైన గాడులు కోసుకుంటూ కాల్డర్ నది వైపు దిగుతుంది. ఇక్కడివాళ్లు ఆ గాడిని ‘క్లఫ్’ అంటారు. అడుగడుగునా ఇలా రెండు నీళ్లు కలిసే చోటు ఉంటే, ఒక దాన్నుంచి మరొకదాన్ని వేరు చేయడానికి ముందు ఒక మాట చేర్చక తప్పదు. మీ పక్కనే ఉన్న ఆస్వాల్డ్‌ట్విసిల్ అలాగే ఆస్వాల్డ్ అనే మనిషి పేరు చేరిన సంగమం. అబ్బాయికి చెప్పండి, 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ అనే నూలు వడికే యంత్రాన్ని తయారుచేసింది ఆ ఊరి పరిధిలోని స్టాన్‌హిల్‌లోనే. బోల్టన్‌కు ఉత్తరాన ఎంట్విసిల్ ఉంది, దాని మొదటి సగంలో ఉన్నది బాతో నీటికోడో. బర్న్‌లీ పక్కన ఎక్స్‌ట్విసిల్, మాంచెస్టర్‌కు తూర్పున టింట్విసిల్. ఈ చివరి ఊరిని అక్కడివాళ్లు ‘టిన్సెల్’ అని కుదించి పలుకుతారు.

దూరంగా నార్తంబర్లండ్‌లో హాల్ట్‌విసిల్ అనే పట్నం ఉంది. పేరులో ఆగడం, ఈల రెండూ వినబడతాయి. దాంతో రైలు ఆగి కూత వేసే చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అక్కడికి రైలు వచ్చింది 1838లో. 1240 నాటి రాతలోనే ఆ ఊరు ‘హౌట్‌విసెల్’ అని ఉంది. రైలుకు ఆరు వందల ఏళ్ల ముందునుంచీ అది వాగులు కలిసే చోటే.

ఇక మొదటి సగం. ఇక్కడ మాత్రం మీ అబ్బాయి ఆనందం వృథా కాదు, పిట్ట నిజంగానే ఉంది. పాత ఇంగ్లిష్‌లో ‘బ్రిడ్’ అంటే పిట్టపిల్ల. ఎదిగిన పక్షిని ‘ఫుగోల్’ అనేవారు, నేటి ‘ఫౌల్’ దాని నుంచే వచ్చింది. తర్వాతి శతాబ్దాల్లో పిల్లకు చెప్పిన మాట అన్ని పక్షులకూ పాకింది. దాంతోపాటు ‘ర’కారం తన చోటు మార్చుకుని ‘బ్రిడ్’ కాస్తా ‘బర్డ్’ అయింది. ఇంగ్లిష్‌లో మూడో అనే అర్థమున్న ‘థర్డ్’ కూడా ఒకప్పుడు ‘థ్రిడ్డా’. తెలుగువాళ్లకు ఇందులో వింత కనబడకూడదు. తమిళంలో ‘మరం’ అన్నదాన్ని మనం ‘మ్రాను’ అన్నాం, ‘ఉరల్’ను ‘రోలు’ అన్నాం. వర్ణవ్యత్యయం, అంటే మాటలో అక్షరాలు ఇలా చోటు మారడం, ఈ విషయంలో ద్రావిడ భాషల్లో మన తెలుగుదే పెద్ద చేయి. ఆ అలవాటున్న చెవితో వింటే బ్రిడ్, బర్డ్ ఒకటేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

లాంకషైర్ పల్లెల్లో ఈ ‘బ్రిడ్’ చాలాకాలం బతికింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక ఆగిపోయి, మిల్లులు మూతపడి, ఈ ఊళ్లన్నీ పస్తులున్నాయి. ఆ కరువులో పుట్టిన పసిపాపను పలకరిస్తూ ఇక్కడి మాండలికంలో రాసిన పద్యం ఒకటుంది. అందులో ఆ బిడ్డను తండ్రి పిలిచే పిలుపు ‘బ్రిడ్’. వెయ్యేళ్ల నాటి పిట్టపిల్ల అర్థం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. ఆ పద్యం ఎప్పుడు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

కాబట్టి ఇంటిపేరుకు అర్థం: పిట్టపిల్లలు ఉండే వాగుల కూడలి. ఇక ‘టి’, ‘డి’ తేడా. ‘బ్రిడ్’లోని ‘డ’ వెనకే ‘ట్విస్లా’లోని ‘ట’ వచ్చి తగిలింది. రెండూ పలకడం నాలుకకు కష్టం. కొన్ని కుటుంబాల్లో ‘ట’ నిలిచింది, కొన్నింట్లో ‘డ’. ‘ట్విసిల్’లోని ‘ట’ మొదటి సగంలో కలిసిపోయేసరికి మిగిలింది ‘విసిల్’. అది చెవిన పడిన గుమాస్తాకు తెలిసిన మాట ఈలే, అందుకని ‘హెచ్’ చేర్చి ఆ స్పెల్లింగే రాశాడు. ఇంగ్లిష్‌లో ఈలను పలికేటప్పుడు మధ్యలో ఉన్న ‘ట’ వినబడదు కూడా, ‘విసిల్’ అనే అంటారు. మనం విజిల్ అంటాం. అందువల్ల ఇద్దరికీ ఒకే పొరపాటు తోస్తుంది.

గౌతమి గట్టు గారి మాటకు జవాబు చెప్పాలి. వృత్తి నుంచి ఇంటిపేర్లు వచ్చిన మాట నిజమే. అయితే అప్పటి ఇంగ్లిష్‌వాళ్లు ఆ పని చేసేవాడిని చెప్పడానికి ఒక పద్ధతి పాటించారు. పిట్టలు పట్టేవాడిని ‘ఫౌలర్’ అన్నారు, అది ఇప్పటికీ ఎంతోమందికి ఇంటిపేరు. ఈల వేసేవాడిని, పిల్లనగ్రోవి ఊదేవాడిని ‘విస్లర్’ అన్నారు, అదీ ఇంటిపేరే. బేకర్, ఫౌలర్, విస్లర్, అన్నింటి చివరా చేసేవాడిని చెప్పే ప్రత్యయం ఒకటే. ఈలతో పిట్టలు పట్టిన మనిషి నిజంగా ఉండి ఉంటే అతని మనవలు ఫౌలర్లో విస్లర్లో అయ్యేవారు.

పెద్దల నోటి మాటను తీసిపారేయకూడదన్నారు, ఒప్పుకుంటాను. పక్కింటి పెద్దాయన చెప్పినదాన్నిబట్టి ఆ కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయని తెలుస్తోంది. అది చాలా విలువైన సమాచారం. పేరుకు అర్థం మాత్రం పాత రాతలను అడగాలి.

రాతిగోడల ఇల్లు:

అమ్మా, మీ జవాబును అబ్బాయికి చదివి వినిపించాను. హాప్టన్ స్టేషన్ మీదుగా ఎన్నోసార్లు వెళ్లాం, ఎప్పుడూ దిగలేదు. పిట్ట మిగిలిందని వాడికి ఊరట!

ఒక సందేహం. ఊరిపేరు ఇంటిపేరు ఎలా అయింది? ఆ ఊళ్లో ఉన్నవాళ్లందరినీ బర్ట్‌విసిల్ అనేవారా? అలాగైతే వీళ్లందరూ చుట్టాలు కానక్కర్లేదు కదా. వంశచిహ్నం పటం గురించి కూడా చెప్పండి, వాడు ఇంకా దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. ఇంకొకటి, మా ఆవిడకు సంగీతం అంటే ఇష్టం. ఈ ఇంటిపేరుతో పెద్ద సంగీతకారుడు ఒకాయన ఉన్నారని, ఆయనది మా ఊరేనని అంటోంది. నిజమేనా?

హాప్టన్ దారి:

ఊరిపేరు ఇంటిపేరు కావడం మనకు చెప్పాల్సిన విషయమా! మా పుట్టింటివారిది కొల్లిపర. గుంటూరు జిల్లాలో కొల్లిపర అనే ఊరు ఇప్పటికీ ఉంది, మావాళ్లు అక్కడ ఉండి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. కొల్లిపరలో ఉన్నన్నాళ్లూ మావాళ్లను కొల్లిపరవాళ్లని ఎవరు పిలుస్తారు? ఊళ్లో అందరూ కొల్లిపరవాళ్లే. పొరుగూరికి వెళ్లి స్థిరపడ్డాక, అక్కడివాళ్లు పెట్టిన గుర్తు అది. గార్లపాటివారి రామకృష్ణుడు తెనాలి రామకృష్ణుడైన సంగతి చెప్పుకుంటారు కదా, అదీ ఇలాంటిదే.

ఇక్కడా అంతే. బర్ట్‌విసిల్ నుంచి పాడియంకో బ్లాక్‌బర్న్‌కో వెళ్లిన మనిషిని కొత్త చోట ‘బర్ట్‌విసిల్ నుంచి వచ్చిన ఫలానా’ అన్నారు. ఊరు విడిచి వెళ్లకుండానే ఆ పేరు పొందే అవకాశం ఒక్క కుటుంబానికే ఉంటుంది. ఆ భూమికి హక్కుదారులైన కుటుంబానికి. లాటిన్‌లో రాసిన పాత పత్రాల్లో ఇలాంటి పేర్ల ముందు ‘డి’ అనే చిన్న మాట కనబడుతుంది, ఫలానా ఊరికి చెందిన అని అర్థం. ఇంటిపేరు స్థిరపడేకొద్దీ అది రాలిపోయింది. మన పేర్లలో మాత్రం దానికి సాటి అయినది ఇప్పటికీ ఉంది. వేమూరు ఊరు, వేమూరి ఇంటిపేరు. నెల్లూరు ఊరు, నెల్లూరి ఇంటిపేరు. ఆ చివరి ఇకారం చేసే పని లాటిన్ ‘డి’ చేసిన పనే. ఇంగ్లిష్‌వాళ్లు పోగొట్టుకున్న ముక్కను మనం రోజూ సంతకంలో రాస్తున్నాం. లైబ్రరీకి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లకు ఇది చెప్పినప్పుడల్లా వాళ్లు నోట్‌బుక్ తీసి రాసుకునేవారు.

చుట్టరికం సంగతి. ఊరు పెద్దదైతే దాని పేరు ఎన్నో కుటుంబాలకు అంటుకుంటుంది. బర్ట్‌విసిల్ లాంటి చిన్న పల్లె నుంచి బయటకు వెళ్లి పేరు నిలుపుకున్న కుటుంబాలు కొద్దే. 1881 జనగణన చూడండి, ఈ ఇంటిపేరు లాంకషైర్‌లోనే గుమిగూడి ఉంటుంది. పుట్టిన వాగు చుట్టూనే ఐదారు వందల ఏళ్లు తిరిగిన ఇంటిపేరు ఇది. కొండవాలు పొలాల మీద బతకలేక మిల్లు పట్టణాలకు దిగినప్పుడు కూడా బ్లాక్‌బర్న్, అక్రింగ్టన్, బర్న్‌లీ దాటి పెద్దగా పోలేదు. ఎంట్విసిల్‌వాళ్లు బోల్టన్ చుట్టూ ఉన్నట్టే వీళ్లు ఇక్కడ ఉన్నారు. కాబట్టి మీ దస్తావేజులోని ‘టి’వాళ్లూ ‘డి’వాళ్లూ ఒకే మూలానికి చెందినవాళ్లు అనడానికి నేను వెనకాడను.

మీ ఆవిడగారు చెప్పింది నిజమే. హారిసన్ బర్ట్‌విసిల్ 1934లో మీ అక్రింగ్టన్‌లోనే పుట్టారు, 2022లో కన్నుమూశారు. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ స్వరకర్తల్లో ముఖ్యులు, ఒపెరాలు రాశారు. ‘డి’, ‘హెచ్’ ఉన్న రూపం సముద్రం దాటింది. మనుషుల హావభావాలనూ శరీర కదలికలనూ ఒక భాషలా అధ్యయనం చేసిన అమెరికా మానవశాస్త్రజ్ఞుడు రే బర్డ్‌విసిల్ పేరులో అది కనబడుతుంది. ఒకరు స్వరం, ఒకరు సైగ, ఇద్దరి ఇంటిపేరూ హాప్టన్ పొలాల్లోదే.

పటం కొనకండి. ఈ విషయంలో నేను మొహమాటపడను. ఇంగ్లండ్‌లో వంశచిహ్నం ఇంటిపేరుకు ఉండదు, మనిషికి ఉంటుంది. లండన్‌లో 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ దాన్ని ఒక వ్యక్తికి మంజూరు చేస్తుంది, అతని వారసులకు అది దక్కుతుంది. అదే ఇంటిపేరున్న మరో మనిషికి దాని మీద ఏ హక్కూ లేదు. మీ ఇంటిని లీజుకు తీసుకున్న నేతపనివాడికి డాలూ కత్తీ అక్కర్లేదు. ఆయన సంతకం ఆ లీజు పత్రం మీద ఉంటే, దానికి అద్దం కట్టించి గోడకు పెట్టండి. మీ గదికి అంతకన్నా తగినది ఇంకేముంటుంది?

గౌతమి గట్టు:

అమ్మా, ఫౌలర్ సంగతితో నా వాదన వీగిపోయింది. చాలా సంతోషం. మాది రాజమహేంద్రవరం. మీ జవాబు చదివాక ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి పేరు మీద అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ కాటన్ అంటే పత్తి అనే అనుకున్నాను. లాంకషైర్ పత్తి మిల్లుల గురించి మీరు చెబుతుంటే, ఆయన పూర్వీకులూ పత్తి వ్యాపారులేమో అనిపించింది. ఇదీ ఊరిపేరేనా?

హాప్టన్ దారి:

ఊరిపేరే. మంచి ప్రశ్న అడిగారు. పాత ఇంగ్లిష్‌లో ‘కాట్’ అంటే గుడిసె, చిన్న ఇల్లు. ‘కాటేజ్’లో ఇప్పటికీ వినబడుతుంది. ‘గుడిసెల దగ్గర’ అని చెప్పడానికి ‘కాటుమ్’ అనేవారు. ఆ రూపం నుంచి ఇంగ్లండ్‌లో కాటన్, కోటన్ అనే ఊళ్లు ఎన్నో వచ్చాయి. ఆ ఊళ్ల నుంచి ఇంటిపేరు వచ్చింది. బర్ట్‌విసిల్‌లా దీనికి ఒకే మూలం ఉండదు, చాలా చోట్ల విడివిడిగా పుట్టింది. పత్తి అనే మాట వేరు. అది అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి దిగింది. రెండు దారుల్లో వచ్చిన రెండు మాటలు ఒకే స్పెల్లింగులో కలిశాయి.

ఆర్థర్ కాటన్ 1803లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. వాళ్ల వంశం చెషైర్‌లోని కాంబర్మియర్ కాటన్లది, పాత భూస్వామ్య కుటుంబం. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆయన చేసిన పని మీకు నేను చెప్పాల్సిన అవసరం లేదు. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకొకటి గమనించండి. గోదావరి గౌతమిగా, వసిష్ఠగా పాయలు విడిపోయే చోటు అది. నీళ్లు కలవవు, విడిపోతాయి. అయినా ఆ చీలిక నడుమ నేలను చూసి ఉంటే ఒక పాత లాంకషైర్ రైతు ‘ట్విస్లా’ అనేవాడేమోనని నాకు అనిపిస్తుంది.

రాతిగోడల ఇల్లు గారూ, ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగిన ప్రశ్న మిగిలిపోయింది. నేటి నుంచి వెనక్కి నడవండి. పాతకాలం నుంచి ముందుకు రావాలని చూస్తే ఎవరో తెలియని మధ్యయుగపు మనిషిని పట్టుకుని మన తాత అనుకునే ప్రమాదం ఉంది. లీజు పత్రం 1890లది కాబట్టి ముందు 1891, 1901 జనగణనల్లో మీ వీధి పేరుతో వెతకండి. ఆ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో, ఒక్కొక్కరూ ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ప్రాంతంలో, పుట్టారో రాసి ఉంటుంది. పిల్లలు కూడా మిల్లులో పనిచేసి ఉంటే అదీ తెలుస్తుంది, మీ అబ్బాయి వయసువాళ్లే ఉండవచ్చు. తర్వాత 1911 తప్పకుండా చూడండి. అంతకు ముందరి వాటిలో మనం చూసేది గుమాస్తా ఎత్తిరాసిన పుస్తకాలు. 1911లో మాత్రం ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితమే భద్రంగా ఉంది. ఆ కుటుంబం తమ ఇంటిపేరును ‘టి’తో రాసుకుందో ‘డి’తో రాసుకుందో వాళ్ల చేతిరాతలోనే చూడవచ్చు.

అక్కడి నుంచి వెనక్కి 1841 దాకా జనగణనల్లో పేర్లు దొరుకుతాయి. జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. దానికి ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని రాయాలన్న ఉత్తర్వు 1538 నాటిది. ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఈ ప్రాంతమంతా ఒకప్పుడు వాలీ అనే బ్రహ్మాండమైన పారిష్‌లో భాగం. అందుకని పాడియంలో దొరకనివాళ్లు వాలీ పుస్తకాల్లో దొరకవచ్చు. అసలు పత్రాలు చూడాలంటే ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. జనగణనలకు అంత దూరం అక్కర్లేదు, ముందు మీ అక్రింగ్టన్ లైబ్రరీలో అడగండి. వెతికేటప్పుడు మాత్రం ఒక్క స్పెల్లింగుతో ఆపవద్దు. ‘టి’తో, ‘డి’తో, ‘హెచ్’ ఉన్నదీ లేనిదీ, ‘బర్’ను ‘ఐ’తో రాసినదీ ‘యు’తో రాసినదీ, అన్నీ వెతకండి. మొదటి అక్షరం ‘బి’ ఒక్కటే నమ్మదగినది.

రాతిగోడల ఇల్లు:

శనివారం లైబ్రరీకి వెళ్తున్నాం. స్పెల్లింగులన్నీ అబ్బాయి ఒక కాగితం మీద రాసుకున్నాడు. లీజు పత్రం చివర సంతకం ఉంది. ‘టి’తోనే రాశాడు. 1911లో ఏమని ఉందో చూసి ఇక్కడ రాస్తాను.